ఛర్రా తుపాకి, తడి మెడపట్టీ

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, మా ఆయన దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువొకటి భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. అప్పుడు మేం జనగామలో, రైలు కట్టకు ఇవతల, రెండు గదుల పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఆయన వడ్ల మిల్లులో పని చేసేవాడు. మిల్లు ఏడాదిలో సగం రోజులే నడిచేది. మిగతా సగం రోజులు ఏం చేయాలన్నది ఆయనకు ప్రతి ఏడూ కొత్తగా పుట్టే ఆలోచన, నాకు ప్రతి ఏడూ కొత్తగా పుట్టే తలనొప్పి. అంతకుముందు ఏడాది ఐసు పుల్లలు, ఆ ముందటి ఏడాది కుందేళ్లు. ఈసారి దుప్పటి విప్పితే గాలి తుపాకి.

జాతరలో బుగ్గలు కొట్టించే ఆట తెలియనివాళ్లు ఉండరు. చెక్క పలక మీద రంగురంగుల బుగ్గలు, అంటే గాలి ఊదిన బుడగలు, కట్టి ఉంటాయి. కొంత దూరం నుంచి ఛర్రా పేల్చి వాటిని పగలగొట్టాలి. ఛర్రా అంటే సీసంతో చేసిన, మినపగింజంత గుండు. ఆ ఆట నడిపే మనిషెవరో కాళ్ల నొప్పులతో ఊరూరూ తిరగలేక మానుకుంటుంటే తుపాకి, పలక, బుగ్గల సంచి, ఛర్రాల డబ్బా అన్నీ కలిపి ఈయన తెచ్చేశాడు. నన్ను అడగలేదు. అడిగితే వద్దంటానని తెలుసు కాబట్టి అడగలేదట. అదేదో నాకు ఇచ్చిన మర్యాద అన్నట్టు చెప్పాడు.

నేను గడప పక్కన కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. ఈయన నడింట్లో నిలబడి తుపాకిని ఇటు తిప్పి అటు తిప్పి చూపిస్తున్నాడు. దాని మొన ఒకసారి నా మీదికి, ఒకసారి దండెం మీది బట్టల మీదికి పోతోంది.

"ఏందయ్యా, జర గటు దిక్కు తిప్పు" అన్నాను.

"ఖాళీదే. నీకన్నీ భయాలే" అని, ఖాళీదేనని చూపించడానికి ట్రిగ్గర్ నొక్కాడు.

ఖాళీది కాదు. ఛర్రా నీళ్ల కుండ నడుముకు తగిలింది. కుండ ఒక్క క్షణం ఏమీ కానట్టే ఉండి, తర్వాత నిలువునా చీలింది. నీళ్లన్నీ నేల మీదుగా వచ్చి నా చేటలోంచి రాలిన బియ్యాన్ని తడిపేశాయి. ఆయన కుండ వంక, తుపాకి వంక మార్చి మార్చి చూసి, "నిషానా మంచిగనే ఉన్నది" అని గురిని మెచ్చుకున్నాడు.

ఆ మనిషితో కాపురం ఎట్లా ఉంటుందో అర్థం కావడానికి ఈ ఒక్క మాట చాలు.

మొదటి జాతర పాలకుర్తిది, శివరాత్రికి. అప్పటికి మాకు పిల్లలు లేరు, ఇంట్లో నన్ను కట్టిపడేసేదేమీ లేదు. బుగ్గలు ఊది కట్టడానికి ఒక మనిషి కావాలని నన్ను వెంట తీసుకుపోయాడు. పోయిన గంటకే నాకు ఒళ్లు మండిపోయింది. తుపాకి చేతికి రాగానే మనుషులకు ఏమవుతుందో తెలియదు. నోట్లోంచి వచ్చే ప్రతి మాటకూ దాని మొన కూడా కదులుతుంది. ఒకాయన గురి పెట్టినవాడు పెట్టినట్టే ఉండి, వెనకనుంచి బావ పిలిస్తే "ఆఁ" అంటూ మొత్తం మనిషి వెనక్కి తిరిగాడు. ఆ మొన ముందు పసిపిల్లను ఎత్తుకున్న తల్లి ఉంది. ఇంకొకాయన కొట్టిన ఛర్రా పలకకు తగిలి తిరిగొచ్చి, పక్కనున్న ముసలాయన ధోవతి మీద పడింది. ముసలాయన దాన్ని తీసి, అందరికీ చూపించి నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. కంటికి తగిలి ఉంటే ఏమయ్యేదో ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తిరిగి వచ్చే బస్సులో ఆయనతో తేల్చి చెప్పాను. కొన్ని నియమాలు ఉండాలి, లేకపోతే నేను రాను. ఆయన వెంటనే సరేనన్నాడు. ఆయన దేనికైనా వెంటనే సరేనంటాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఇంటికి రాగానే ఒక రేకు ముక్క మీద నూనె రంగుతో నేనే రాశాను. తుపాకి మొన బుగ్గల దిక్కుకో నేల దిక్కుకో ఉండాలి. ఛర్రా నింపేది మేమే. మేం చెప్పేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. పేల్చేచోట అడ్డంగా కట్టిన తాడు దాటి ముందుకు రావద్దు. తాడు అవతల మనిషి ఉన్నంతసేపు తుపాకి పేలదు. ఇవీ మా ఐదు నియమాలు.

రాయడంతో ఆగలేదు, కుట్టాను కూడా. నాకు కుట్టుపని రావడం వెనక ఒక కోపం ఉంది. 1969లో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి బడులు నెలల తరబడి మూతపడ్డప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇంట్లో ఊరికే ఉండటం ఎందుకని మా నాయిన నన్ను దర్జీ భార్య దగ్గరికి కుట్టు నేర్చుకోవడానికి పంపాడు. తర్వాత బడులు తెరిచారు. నన్ను మాత్రం పంపలేదు. చేతికి పని వచ్చింది కదా, ఇక చదువెందుకు అన్నారు. లెక్కల పుస్తకం సగంలో ఆగిపోయింది. ఆ సగం సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నేను మిషన్ గట్టిగా తొక్కుతాను. ఆ వారం చాలా గట్టిగా తొక్కాను. రెండు గోనెసంచులు విప్పి, మధ్యలో చింపిరి గుడ్డలు పరిచి, దబ్బనంతో గుచ్చి పెద్ద పరదా చేశాను. గట్టి పలకకు తగిలిన ఛర్రా తిరిగొస్తుంది, వదులుగా వేలాడే గోనెకు తగిలితే కిందికి జారిపోతుంది. బుగ్గలు ఆ పరదాకే కట్టించాను. తుపాకి మొనకు ఎర్ర గుడ్డతో చిన్న సంచి కుట్టాను. ఆట లేనప్పుడు దాన్ని తొడిగి ఉంచాలి. అది చూసి మా ఆయన, తుపాకికి టోపీ కుట్టిన ఆడదాన్ని జనగామలో నిన్నే చూసినా అన్నాడు.

రేకును ఎవరూ చదవలేదు. ఒక్క బడిపంతులు మాత్రం ఐదింటినీ పైకి చదివి, మూడోదాంట్లో ఒత్తు తప్పిందని చూపించి, అదే ఊపులో తుపాకి నా మీదికి తిప్పి ఇప్పుడు కాల్చవచ్చునా అని అడిగాడు. చివరికి రేకు మీదిదంతా నా గొంతులోకి వచ్చింది. ప్రతి మనిషికీ, ప్రతి ఛర్రాకూ అవే ఐదు మాటలు అరిచి చెప్పేదాన్ని. సాయంత్రానికి గొంతు పోయేది. అందరికన్నా ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చింది మా ఆయనకే.

ఎండలు ముదిరాక ఇంకో పరేషాన్ మొదలైంది. రఘునాథపల్లి అంగడిలో ఒక మధ్యాహ్నం ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ గోనె పరదా మీదికి ఒరిగిపోయాడు. వడదెబ్బ. పక్కన దోసకాయలమ్మే ఆమె కుండెడు నీళ్లు తల మీద గుమ్మరిస్తే గానీ కళ్లు తెరవలేదు. తలకు రుమాలు చుట్టుకోమని నేను నెల రోజుల నుంచి మొత్తుకుంటున్నాను. చుట్టుకుంటే క్రాపు చెదిరిపోతుందట. క్రాపు చూసి ఎవరూ బుగ్గలు కొట్టడానికి రారని చెప్పినా వినలేదు. తల మీద ఏదీ పెట్టుకోడు, సరే, మెడకైనా ఏదో చుడదామనుకున్నాను.

మా ఎదురింట్లో గాజులమ్ముకునే కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. ఆమెతో నా బాధ చెప్పుకుంటే లోపలికి వెళ్లి గుప్పెడు సబ్జా గింజలు తెచ్చింది.

"రంజాన్ రోజాలల్ల షర్బత్‌ల ఏస్తం గదా. గివి నీళ్లు తాగి ఎట్ల ఉబ్బుతయో సూడు. గుడ్డల కుట్టి మెడకు కట్టు, దినమంత సల్లగుంటది" అంది.

పలచటి పాత మల్లు ధోవతి చింపి, రెండు వేళ్ల వెడల్పు గొట్టం కుట్టి, గింజలు దట్టంగా నింపి, రెండు కొసలూ మూసేశాను. మరుసటి అంగడి రోజు దాన్ని నీళ్లలో ముంచి ఆయన మెడకు కట్టాను. సబ్జా అంత ఉబ్బుతుందని చెప్పిందేగాని ఎంత నింపాలో ఆపా చెప్పలేదు, నేనూ అడగలేదు. పావుగంటకు పట్టీ లావెక్కింది. అరగంటకు ఆయన తల పక్కకు తిప్పలేకపోయాడు. ఒకతనికి తుపాకి నింపి ఇస్తుండగా కుట్టు పిగిలి, జిగురు జిగురుగా నల్లటి గింజలన్నీ అంగీ లోపలికి జారిపోయాయి. వరసలో నిలబడ్డవాళ్లలో ఎవరో, అన్నా నీ మెడ మీద కప్ప గుడ్లు పెట్టింది అన్నారు. అందరూ నవ్వారు. అది నాకేం బాధ కాదు. ఆయన అంగీ దులుపుకోవడానికి, నింపిన తుపాకిని ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు. అప్పుడు నేను అరిచిన అరుపుకు అవతలి దుకాణాల వాళ్లు కూడా వచ్చి చూశారు.

రెండోసారి పట్టీని ఏడు గదులుగా కుట్టాను. ఒక్కో గదిలో చెంచాలో నాలుగో వంతు గింజలు, అంతే. అది బాగా పని చేసింది. కాని మరునాటికి పులిసిన వాసన, చీమలు. రోజూ విప్పి, గింజలు పారేసి, మళ్లీ కుట్టడం నా వల్ల కాలేదు. ఆఫీసుల కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టే మనిషి దగ్గర మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. వాటిని సన్నగా కత్తిరించి, మల్లు గుడ్డలో పలచగా పరిచి, పైన నూలు గుడ్డ వేసి అడ్డంగా కుట్లు వేశాను. రెండు చివర్లా ముడి వేసుకోవడానికి నాడాలు. ఒకసారి తడిపితే రెండు మూడు గంటలు చల్లగా ఉండేది, మంచి వాసన కూడా. సాయంత్రం ఉతికి నీడన ఆరేస్తే చాలు. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

ఇక ఆయన వాటిని పంచడం మొదలుపెట్టాడు. బాగుందన్నవాళ్లందరికీ మెడలోంచి తీసి ఇచ్చేసేవాడు. బస్సు కండక్టరుకు ఒకటి, దోసకాయలామెకు ఒకటి, జాతర బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్‌కు ఒకటి. నేను వెంట వెళ్లని రోజుల్లో ఏడు పట్టీలు కుట్టి పంపితే ఇంటికి ఒక్కటే తిరిగొచ్చేది, అదీ ఒక్కోసారి ఇంకెవరిదో చెమట తువ్వాల. వాళ్లు ఎంత సంబరపడ్డరో చూడాల్సింది అనేవాడు. నేను చూడలేదు. నేను ఇంట్లో ఎనిమిదోది కుడుతున్నాను.

ఆ మరుసటి ఏడాది మొగుళ్లపల్లి జాతరకు పోయాం. పరకాల దాకా ఒక బస్సు, అక్కడినుంచి భూపాలపల్లి పోయే ఇంకో బస్సు. ఆ చుట్టుపక్కల పెద్ద భూములున్న ఇంటి అల్లుడట, నలుగురిని వెంటేసుకుని మా దగ్గరికి వచ్చాడు. గురి మంచిదే. కట్టిన బుగ్గలన్నీ ఒక్కటీ తప్పకుండా కొట్టాడు. అందరూ వాహ్వా అన్నారు. ఆయనకు అది చాలలేదు. ఇవి పిల్లలు కొట్టేవి, నువ్వు చేతిలో పట్టుకొని నిలబడు, కొడత అని మా ఆయనతో అన్నాడు.

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దొర అంతటివాడు అడిగాడని పొంగిపోయి, ఒక ఎర్ర బుగ్గ తీసుకుని, నేను కట్టిన తాడును తానే దాటి, పరదా పక్కన నిలబడి చేయి చాపాడు. పైగా నవ్వుతున్నాడు.

నేను ఆ అల్లుడి పక్కకు వెళ్లి, ఒకసారి ఇటు ఇవ్వండి, ఛర్రా నింపి ఇస్తానన్నాను. ఇచ్చాడు. నేను ఛర్రా నింపేటప్పటిలాగే తుపాకిని నడుము దగ్గర మడిచి, లోపల ఏమీ లేదని చూసుకుని, మొనకు ఎర్ర సంచి తొడిగి, స్టూలు మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు.

"తాడు అవతల మనిషి ఉంటే తుపాకి పేలదు దొరా. రేకు మీద రాసి ఉన్నది."

"నీ మొగడే నిలబడ్డడు గదా. నీకేంది?"

"ఆయనకు బుద్ధి లేదు. మీరన్న జర సమజ్ చేసుకోండ్రి."

ఆయన వెంట వచ్చినవాళ్లలో ఒకడు నా వైపు రెండడుగులు వేశాడు. నేను తుపాకి వదల్లేదు. అల్లుడు ఏమనుకున్నాడో, నవ్వి, మా ఆయనతో, నీ ఇంట్ల రాజ్యం ఎవరిదో తెలిసింది లేవయ్యా అని వెళ్లిపోయాడు. ఈయన ఇంకా బుగ్గ పట్టుకునే ఉన్నాడు.

పరకాల బస్టాండులో చాయ్ తాగుతూ, "నలుగుట్ల నాకు బుద్ధి లేదంటివి" అన్నాడు.

"ఉంటే చూపియ్యి" అన్నాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నా మీది కోపంతో మెడపట్టీ కూడా కట్టుకోలేదు. మెడ నిండా చెమటకాయలు లేచి రాత్రంతా గోక్కున్నాడు తప్ప అడగలేదు.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. అదే ఎండాకాలం మానుకోట దగ్గర ఒక జాతర. ఎప్పుడూ లేనంత జనం. బుగ్గలు ఊదీ ఊదీ దవడలు నొప్పి పుట్టాయి. వరసలో ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు, మా ఆయన ఎక్కడో సోడా తెస్తానని పోయాడు. నేను తుపాకిలో ఛర్రా నింపాను. అప్పుడే చూస్తే పరదా మీద ఒక్క బుగ్గ కూడా లేదు. నింపిన తుపాకిని బల్ల మీద పెట్టి, సంచి తొడగకుండా, తాడు దాటి బుగ్గలు కట్టడానికి పోయాను. ఊరందరికీ గొంతు పోయేలా చెప్పిన దాన్నే నేను.

వరసలో ముందున్న పెద్దమనిషి ఒకాయన, ఎంత బరువుందో చూద్దామని తుపాకి చేతిలోకి తీసుకున్నాడు. టప్‌మని వినిపించింది. ఛర్రా పరదా వేలాడదీసిన ఇనుప కొక్కేనికి తగిలి, తిరిగి నా కనుబొమ్మ పైన తగిలింది. మొదట నొప్పి తెలియలేదు. కళ్లలోకి వెచ్చగా ఏదో కారుతుంటే చెమటనుకుని తుడుచుకున్నాను. చేయి ఎర్రగా ఉంది.

మా ఆయన సోడాలు అక్కడే పడేసి వచ్చాడు. మెడలోని తడి పట్టీ విప్పి నా నుదుటికి అదిమి, దవాఖాన దాకా తీయకుండా అట్లాగే పట్టుకుని నడిపించాడు. డాక్టరు రెండు కుట్లు వేసి, వేలెడు కిందికి తగిలితే కన్ను పోయేదన్నాడు. తుపాకి పేల్చిన పెద్దాయన బయట అరుగు మీద తలపాగ చేతిలో పట్టుకుని కూర్చుని ఏడుస్తున్నాడు. తప్పు నాదని ఆయనకు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"నీ తప్పు కాదు బాపు. నింపి పెట్టింది నేను."

"నాకు సోయి ఉండాలె గదా బిడ్డా" అంటూనే ఉన్నాడు.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రైల్లో అనలేదు, ఇంటికొచ్చాకా అనలేదు. తిడితే బాగుండునని నేను ఎదురు చూశాను. తిట్టడానికి అంత మంచి అవకాశం ఆయనకు జన్మలో మళ్లీ రాదు. పొద్దున లేచి చూస్తే వాకిట్లో కూర్చుని రేకు మీద ఆరో నియమం రాస్తున్నాడు. నింపిన తుపాకి కింద పెట్టొద్దు. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, రెండు తప్పులు కూడా. నేను దిద్దలేదు.

నన్ను విసిగించే పని ఆయన అంతటితో మానేశాడనుకుంటే పొరపాటు. కొత్త రకంగా మొదలుపెట్టాడు. ఇప్పుడు నియమాలు ఆయనవి. ఆరింటినీ అప్పజెప్పించుకోకుండా ఎవరికీ తుపాకి ఇచ్చేవాడు కాదు. మిల్లులో దుమ్ము పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు రెండు జతలు తెచ్చి, పేల్చేవాళ్లు, బుగ్గలు కట్టే నేను పెట్టుకోవాల్సిందేనన్నాడు. జాతరకు కొత్త బట్టలు కట్టుకొచ్చిన మనిషి ఆ అద్దాలు పెట్టుకుంటాడా? తాడు మీద చేయి వేసిన వాళ్లను కూడా వెనక్కి పంపేవాడు. జనం మా ముందునుంచి నడిచి, అవతల రంగులరాట్నం దగ్గరికి పోయేవాళ్లు. జర నిమ్మళంగా చెప్పవయ్యా అని నేను బతిమాలే రోజులు వచ్చాయి. నువ్వు చెప్పిందే గదా అనేవాడు.

అట్లా ఇంకో మూడు నాలుగు ఎండాకాలాలు లాగాం. మిల్లుకు కొత్త యంత్రాలు వచ్చి ఏడాది పొడుగునా నడవడం మొదలయ్యాక, ఒళ్లో పిల్లతో నేనూ తిరగలేక, తుపాకి అమ్మేద్దామనుకున్నాం. అమ్మడం కూడా సుళువుగా కానివ్వలేదాయన. వచ్చిన మొదటి మనిషి తుపాకి తీసుకోగానే పైకప్పు మీదికి గురి పెట్టాడు. మా ఆయన పంపించేశాడు. రెండోవాడు నవ్వుతూ ఆయన మీదికే పెట్టాడు. మూడోవాడు ట్రిగ్గర్ నొక్కి చూశాడు. ముగ్గురినీ పంపేసి ఇక ఇది మన ఇంట్లనే ఉంటది అన్నాడు. నేను నెత్తి కొట్టుకున్నాను.

నాలుగో మనిషి భూపాలపల్లి దిక్కునుంచి వచ్చాడు. నడి వయసు, పొట్టిగా, మాట తక్కువ. మా ఆయన తుపాకి తెచ్చి ముందు పెడితే ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, "లోపల ఛర్రా ఉన్నదా అన్నా?" అని అడిగాడు.

మా ఆయన నా వంక చూశాడు. తుపాకి మడిచి, ఖాళీదని చూపించి, అతని చేతిలో పెట్టాడు. దానితోపాటు గోనె పరదా, ఎర్ర సంచి, కళ్లద్దాలు, రేకు కూడా ఇచ్చాడు. అతను రేకు మీది ఆరు మాటలూ నోట్లో నోట్లో చదువుకున్నాడు.

అతని బస్సుకు ఇంకా టైముంది. నేను మిషన్ ముందు కూర్చుని రెండు మెడపట్టీలు కుట్టి ఇచ్చాను. ఎట్లా తడపాలో, ఎండలో కాకుండా నీడన ఎందుకు ఆరేయాలో చెప్పాను. రెండోసారి కూడా చెప్పాను. మూడోసారి మొదలుపెట్టేసరికి "సమజైంది చెల్లె" అని లేచాడు. బయట ఎండ మండిపోతోంది. మా పంపు దగ్గరే ఒక పట్టీ తడిపి మెడకు కట్టుకుని, తుపాకి మొన నేల దిక్కుకు పట్టుకుని, బస్టాండు వైపు నడిచాడు.